పదకొండింటికి విచ్చుకునే చేతులు

“ఆ కాయితం ఏం జేసినవ్ మామా?”

నవనీత అడగడం ఇది మూడోసారి. వెంకటరాజం మూడోసారి కూడా విననట్టే చాయ్‌ని సాసర్‌లో ఒంపుకొని ఊదుకుంటున్నాడు. ఆయన చెవులకు ఏ రోగమూ లేదు. వాడకట్టు చివర ఎవరైనా తన పేరెత్తితే ఇంట్లో కూర్చునే జవాబు చెప్పగల మనిషి.

“నిన్నే అడుగుతాన్న మామా.”

“చింపిన,” అన్నాడు సాసర్ దించకుండానే.

తలుపు పక్కన నిలబడి జడ వేసుకుంటున్న కూతురు మహిత చేతిలో దువ్వెన ఆగిపోయింది. “చింపినవా? తాతా, అది నేను రెండు దినాలు కూసోని రాసిన. డాక్టర్ చీటీ గూడ పిన్ను గొట్టి ఇచ్చిన!”

“అందుకే చింపిన. ఆ చీటీ లేకుంటే అట్లనే ఉంచేటోన్ని.”

ఇంత నిమ్మళంగా ఎట్లా అనగలిగాడో గానీ, అనేశాడు. వంటింట్లో అత్త యాదవ్వ గరిటె చప్పుడు కూడా ఆగింది.

నవనీత గోడకు ఆనుకొని కూర్చుంది. పొద్దున ఏడున్నర. ఆ వేళకు ఆమె చేతులు ఆమె మాట వినవు. కణుపులు ఉబ్బి, వేళ్లు సగానికి ముడుచుకొని ఒళ్లో పడి ఉంటాయి. చాయ్ గ్లాసును రెండు మణికట్ల మధ్య ఇరికించుకొని తాగుతుంది. జుట్టు ముడవాలన్నా, కొంగు దోపుకోవాలన్నా కూతురు రావాల్సిందే. తొమ్మిది దాటాక ఒక్కో వేలూ కదులుతుంది. పదకొండింటికి చేతులు విచ్చుకుంటాయి. ఇక అక్కణ్నుంచి పొద్దుగూకి దీపాలు పెట్టిన తర్వాత కూడా నేయమంటే నేస్తుంది, షెడ్డులో ఎవరికీ తీసిపోకుండా. మూడేళ్లుగా ఇదే వరస. కీళ్లవాతమని, వచ్చిందంటే పూర్తిగా పోయేది కాదని, ఒకరోజు తగ్గి ఒకరోజు పెరుగుతుందని, మందులు మాత్రం ఆపొద్దని డాక్టరు మొదటి రోజే చెప్పాడు.

కాగితంలో రాసింది కూడా అంతకంటే ఏమీ లేదు. పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం అయిదు దాకా కాకుండా, నాకూ నా జోడికీ పదకొండు నుంచి ఏడున్నర దాకా మగ్గం ఇవ్వండి. పనిగంట తగ్గదు, జంపఖానా అంగుళం పొట్టి కాదు. అడిగింది వేళ మార్చమనే గానీ, పని మాఫ్ చేయమని కాదు.

ఇన్నాళ్లూ షెడ్డు నడిపే నేత సంఘంవాళ్లు చూసీ చూడనట్టు వదిలేశారు. ఇప్పుడు పెద్ద ఆర్డర్ వచ్చింది. సోమవారం నుంచి ఎనిమిదిన్నరకు గేటు మూసేస్తారట. దాటి వచ్చినవాళ్లకు ఆ రోజు మగ్గం లేదు. వారంలో మూడు రోజులు అట్లా అయితే మగ్గమే ఇంకొకరికి పోతుంది. అందుకే నవనీత పోయిన సోమవారం ఆ కాగితం పట్టుకెళ్లి మేనేజర్ కృష్ణమోహన్‌కు ఇచ్చింది. సభ్యత్వం వెంకటరాజం పేరు మీద ఉంది కాబట్టి ఆయన సంతకం కూడా కావాలన్నాడు కృష్ణమోహన్.

సరేనని గురువారం కండువా భుజాన వేసుకొని పోయిన ముసలాయన, అక్కడ నలుగురి ముందు నిలబడి, ‘మా కోడలికి ఏ రోగం లేదు, సదువుకునే పిల్ల తెల్వక రాసింది’ అని చెప్పి కాగితం వాపసు పట్టుకొచ్చాడు. ఇంటికి వచ్చి అన్నం తిని పడుకున్నాడు. నోరు మెదపలేదు. నిన్న నవనీతతో ఒకే మగ్గం మీద నేసే జోడి రాజక్క చెబితేగానీ ఇంట్లో ఎవరికీ తెలియలేదు. రోగం ఒకరిది, సంతకం ఇంకొకరిది. మన సంఘాల తీరు అట్లా ఏడ్చింది, ఎవరిని అని ఏం లాభం!

“ఎందుకట్ల జెప్పినవ్?” నవనీత గొంతు పెంచలేదు. పెంచితే ఏడుపు వస్తుందని ఆమెకు తెలుసు.

“నీకోసమే జెప్పిన.”

“నాకోసమా?”

“మరెవలి కోసం? నేతగాని ఇంట్ల ఉండి, నా చేతులు పోయినయని కాయితం మీద రాసిచ్చుకుంటరా ఎవలన్న? రేపు నీకు పోగు అప్పజెప్పేటోడు ఉంటడా?”

“పోలే మామా. చేతులు పోలే. పదకొండింటి దాక లెవ్వయి, అంతే.”

“ఆ ముచ్చట వాళ్లకు ఎక్కదు.”

మహితకు కోపం ఆగలేదు. “మా హారికోళ్ల అక్కకు పేగుల బీమారి. హైదరాబాద్‌ల కంపెనీల చేస్తది. ఒక్క మెయిల్ పెట్టింది, ఇంటికాడ్నుంచి చేసుకో అన్నరు, నీకు ఎప్పుడు చాతనైతే అప్పుడు చెయ్యి అన్నరు. మా అమ్మ అడిగితే తప్పయ్యిందా?”

“అది కంపెనీ. ఇది సంఘం.”

ఈ మాటకు యాదవ్వ గరిటె పట్టుకొనే బయటికి వచ్చింది. “ఏం సంఘం? మగ్గం ఇంట్ల ఉన్నన్ని దినాలు ఎవడన్న టైం అడిగిండా? సదానందాన్ని కని నెల తిరగకముందే గుంటల దిగిన నేను. నడుము నొస్తే లేసిన, తగ్గితే కూసున్న. ఎవడొచ్చి గేటు మూసిండు? ఆ మగ్గం అమ్మింది ఎవలు?”

“టైల్స్ కావాలన్నది ఎవలు?”

మగ్గం గుంట పూడ్చి టైల్స్ వేసిన చోట ఇప్పుడు నవనీత భర్త సదానందం బండి నిలబడి ఉంది. బండి పక్కనే సదానందం కూడా నిలబడి ఉన్నాడు, తాళంచెవి పట్టుకొని, అడకత్తెరలో పోకచెక్కలా. మట్టెవాడలో బట్టల దుకాణంలో పని అతనికి. రోజంతా కొనేవాళ్ల ముందు చీరలు విప్పి చూపిస్తూ వందమాటలు చెప్పగలడు. ఇంట్లో తండ్రి ముందు ఒక్క మాట రాదు.

“నాయినా, జర అడిగి చెయ్యాల్సుండే,” అన్నాడు చివరికి. అని, ఆ మాటకు తనే భయపడ్డట్టు బండి స్టార్ట్ చేశాడు.

“నేను జెప్పిన మాట జెప్పిన. దాన్ని మళ్ల తిప్పెయ్య.” వెంకటరాజం లేచి కండువా దులుపుకొని బయటికి నడిచాడు. సాసర్‌లో చాయ్ సగం అట్లాగే ఉంది.

*

పదకొండుకు పది నిమిషాలప్పుడు నవనీత షెడ్డుకు చేరింది. కొత్తవాడలో ఆ రేకుల షెడ్డు ఉన్న గల్లీలోకి తిరిగేసరికే మగ్గాల చప్పుడు వినిపిస్తుంది. ఇరవై మగ్గాలూ ఆడుతున్నాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ ఆమెదే.

జంపఖానా మగ్గానికి ఇద్దరు కావాలి. అంత వెడల్పు ఒక్క మనిషి చేతికి అందదు. ఈ చివర ఒకరు నూలు కండె పెట్టిన నాడె వేస్తే ఆ చివర ఇంకొకరు అందుకోవాలి, ఇద్దరూ కలిసి పోగు బిగిసేలా దెబ్బ వేయాలి. కూలి చెరిసగం. ఒకరు రాకపోతే రెండోవారు ఊరికే కూర్చోవాల్సిందే. అందుకే షెడ్డులో అంటుంటారు, మొగనితో పొసగకపోయినా బతకొచ్చు, జోడితో పొసగకపోతే బతకలేమని.

రాజక్క ఆ చివర కూర్చుని కండెలు చుట్టుకుంటోంది. నవనీత కంటే పదేళ్లు పెద్దది. పన్నెండేళ్ల జోడి.

“వచ్చినవా పిల్లా? ఏమన్నడు మీ ముసలోడు?”

“చింపిండంట.”

“చింపుతడు, చింపుతడు! ఆయనదేం పోయింది?” రాజక్క కండె పక్కన పడేసింది. “ఇగో, నేను నీకు దాయ. ఆ భవాని రెండు నెలల సంది నా ఎంట వడ్డది. ‘రాజక్కా, నాకు జోడి లేదు, నీతోని కూసుంట, ఎనిమిదింటికే వస్త’ అంటాంది. సారు గూడ కూసో అన్నడు. నేనే ఒప్పుకుంట లేను.”

నవనీత తల వంచుకుంది. రెండు మగ్గాల అవతల భవాని వేరేవాళ్లకు పోగులు అందిస్తూ ఇటే చూస్తోంది. పాతికేళ్లుంటాయి. చేతులు గలగలా ఆడుతున్నాయి.

“నీకు నష్టమే గద రాజక్కా.”

“నష్టమే. ఎవలు కాదన్నరు? ఇంటికాడ మా అత్త మంచంల ఉన్నది. పదకొండింటికి రమ్మంటే నాకూ ఆసానే, ముసల్దాన్ని కడిగి ఇంత తినిపిచ్చి వస్త. గేటు మూస్తాంటే ఏం జేస్త చెప్పు?” రాజక్క లేచి నవనీత చేయి తన చేతిలోకి తీసుకుంది. అప్పుడప్పుడే విచ్చుకుంటున్న వేళ్లను ఒక్కొక్కటీ మెల్లగా చాపింది. “నీ చేతులు నేను సూసిన. బద్ధకంతోని రానిదానివి కాదు. గది ఎరికైనందుకే ఆ పోరికి నో జెప్తాన్న. పో, సారుతోని మాట్లాడు.”

కృష్ణమోహన్ చెడ్డవాడు కాదు. అదే బాధ. చెడ్డవాడైతే నాలుగు తిట్టి బయటపడొచ్చు. కళ్లద్దాలు నెత్తికెక్కించుకొని ఆమె చెప్పిందంతా విన్నాడు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు కూడా.

“చెల్లే, ఒక్క మాట అడుగుత, తప్పు వట్టకు. మీ మామ అబద్ధమాడిండా, నువ్వు ఆడుతాన్నవా?”

“చేతులు నావి సారూ, మామయి కావు.”

“సభ్యుడు ఆయన. లేదని ఆయనే అన్నంక నేను టైం మారిస్తే రేపు నలభైమంది వచ్చి నలభై టైములు అడుగుతరు.”

“అడగనియ్యుండ్రి. నలభైమందికి నలభై బాధలుంటయి. మన నలభైమందే గద సారూ సంఘమంటే? వాచ్‌మన్ ఎట్లైన రాత్రి ఈన్నే పంటడు. లైటు ఎట్లైన ఎలుగుతది. మేమిద్దరం ఏడున్నర దాక కూసుంటే ఎవలి సొమ్ము పోతది?”

కృష్ణమోహన్ అద్దాలు దించి తుడుచుకున్నాడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది ఈ సంఘం పని. ఇళ్లలో మగ్గాలు తీయించి షెడ్డు కట్టింది వీళ్లే, ఇప్పుడు గేటు మూసేదీ వీళ్లే.

“సరే. రేపు ఆయితారం కమిటీ పెట్టిన, గేటు సంగతే మాట్లాడుతందుకు. పొద్దుగాల ఎనిమిదిన్నరకు. మీ మామను తీస్కరా. రోగం ఉన్నదని ఆయన నోటితోని అనాలె. ఇగ నీ చేతులు... ఆ యాళ్లకు ఎట్లుంటయో పదిమంది కండ్లార సూస్తరు. సూసినంక గూడ కాదనెటోడు మనిషేనా?”

నవనీత లేచి దండం పెట్టింది. మూడేళ్లలో మొదటిసారి తన రోగం వేళ తప్పదన్న సంగతి ఆమెకు ధైర్యంగా అనిపించింది. ఎనిమిదిన్నరకు చేతులు ముడుచుకునే ఉంటాయి. ఎవరికీ ఏమీ చెప్పే పని లేదు. చాపి చూపిస్తే చాలు.

*

సాయంత్రం ఆమె షెడ్డు నుంచి వచ్చేసరికి వెంకటరాజం గడప మీద కూర్చుని ఉన్నాడు. నవనీత కాళ్లు కూడా కడుక్కోలేదు. ఎదురుగా కింద కూర్చుని కమిటీ సంగతి చెప్పింది.

ఆయన చూపు వీధిలోనే ఉంది.

లోపల యాదవ్వ బియ్యం చెరిగే చప్పుడు కాసేపు వినిపించి, అదీ ఆగింది. నవనీత లేవలేదు. లేస్తే ఇక ఈ మాట ఈ ఇంట్లో మళ్లీ రాదు.

“కట్టయ్య అని నా జోడి ఉండె,” అన్నాడు వెంకటరాజం ఉన్నట్టుండి. “నీ లగ్గానికి ముందటి ముచ్చట. పదహారేండ్లు ఒక్క మగ్గం మీద కూసున్నం ఇద్దరం. వానికి దగ్గు వట్టింది. ఒకనాడు రగతం వడ్డది. సంఘంల ఎవలకు చెప్పకురా అన్నడు. నాకేమో భయమయ్యింది. సచ్చిపోతడని భయం. పోయి చెప్పిన. ‘మావోడికి టీబీ ఉన్నది, మూడు నెలలు సుట్టీ ఇయ్యుండ్రి, మందులు మింగి మళ్ల వస్తడు’ అని పదిమంది ముంగట నిలవడి చెప్పిన.”

“ఏమన్నరు?”

“పేరు కొట్టేసిండ్రు.”

నవనీత ఇంకొంచెం దగ్గరికి జరిగింది.

“మందులకు నయమయ్యింది వానికి. నయమైనంక పోతే గూడ పోగు ఇయ్యలే. అంటుకుంటదన్నరు. వర్ధన్నపేట దిక్కు మిర్చి ఏరవోయిండు కూలికి. నేతగాడు! నేను ఎదురైతే మొఖం తిప్పుకొని పోయేటోడు. సచ్చినంక సూడవోతే వాని పెండ్లాం మొగిలమ్మ నన్ను గడప తొక్కనియ్యలే.” కండువాతో ముఖం తుడుచుకున్నాడు. “నిజం జెప్పింది నేనే బిడ్డా. నా జోడిని నేనే కొట్టేయిచ్చిన. గందుకే ఈపారి అబద్ధమాడిన.”

ఈ మనిషి ఇన్నేళ్లు ఇది లోపల పెట్టుకొని ఎట్లా తిరిగాడో! నవనీతకు జాలి వేసింది. జాలితో పాటే కోపం కూడా వచ్చింది.

“కట్టయ్య మామ నిన్ను చెప్పమన్నడా?”

“లే. వద్దన్నడు.”

“నేను నిన్ను అబద్ధమాడమన్ననా?”

“...లే.”

“ఆనాడు ఆయన్ను అడగలేవు, మొన్న నన్ను అడగలేవు. నిజం జెప్పినా నీ ఇష్టమే, అబద్ధం జెప్పినా నీ ఇష్టమేనాయె. మామా, ఒక్కపారి నేను అడిగినట్టు చెప్పు. పేరు కొట్టేస్తే కొట్టేయనియ్యి. ఆ తప్పు నీ మీద వెయ్య.”

వీధి దీపం వెలిగింది. ఎవరో పిల్లను కేకలేసి లోపలికి పిలుస్తున్నారు.

“ఎన్ని గంటలకన్నవ్?” అన్నాడు చివరికి.

“ఎనిమిదిన్నరకు.”

“ఏడున్నరకే పోదాం.”

ఆ పూట ఇంట్లో అన్నం అందరికీ సయించింది. యాదవ్వ కళ్లు ఒత్తుకుంటూనే కోడలికి పచ్చిపులుసు పోసి, అన్నం కలిపి ముద్దలు పెట్టింది. రోజంతా నేసి వచ్చాక గోలీల షీటు నొక్కే సత్తువ నవనీత వేళ్లకు ఉండదు. రోజూ మహిత నొక్కి ఇస్తుంది. మహిత కంప్యూటర్ క్లాసు నుంచి ఇంకా రాలేదు. యాదవ్వే డబ్బా తెచ్చుకొని, గోలీలు నొక్కి, కోడలి నోట్లో వేసి నీళ్లు తాగించింది. నవనీత రేపేం మాట్లాడాలో ఆలోచిస్తూ మింగేసింది. లెక్క చూసుకోలేదు.

*

పొద్దున లేచి, ముఖం కడుక్కొని, జుట్టు ముడి వేసుకుంది.

ముడి వేసుకున్నాక తెలిసింది ఆమెకు. వేసుకున్నది తనే.

చేతులు ముందుకు తెచ్చి చూసుకుంది. వేళ్లు తిన్నగా ఉన్నాయి. కణుపుల వాపు దిగింది. మడిచి చూసింది, మడుచుకున్నాయి. చాచింది, సాగాయి. గోడ గడియారంలో ఆరున్నర.

ఎన్ని పొద్దులు దేవునికి మొక్కుకుంది దీని కోసం! ఈ ఒక్క పొద్దు వద్దని మొక్కుకోవాల్సి వస్తుందని ఎవరనుకున్నారు?

“మంచిగయినయా?” వెనక నుంచి యాదవ్వ ముఖమంతా నవ్వుతో వచ్చింది. “నేనే ఏసిన. ఆ తెల్ల గోలీలు, పోయినేడు నీకు గుణమిచ్చినయి సూడు, డబ్బల అడుగుకు ఉండె. మూడు ఏసిన.”

ఆ గోలీలు డాక్టరు నెల రోజులు ఇచ్చి ఆపేసినవి. చేతులు తొందరగా తెరుచుకుంటాయి గానీ ఊరికే వాడితే లోపల ఎముకలు గుల్లవుతాయని, తన మాట లేకుండా ముట్టొద్దని గట్టిగా చెప్పాడు.

“ఎందుకేసినవ్ అత్తమ్మా?”

“పదిమంది మొగోళ్ల ముంగట ముడుసుకపోయిన చేతులు సూపెట్టుకుంట నిలవడుతవా? సూడబుద్ధి కాలే నాకు. ఆ ఒక్క పూటన్న మంచిగుండాలె అనుకున్న బిడ్డా.”

ఏమంటుంది నవనీత? తిట్టడానికి నోరు రాలేదు. పెళ్లయిన ఇరవయ్యేళ్లలో అత్త ఇంత ప్రేమగా చేసిన పని ఇంకోటి లేదు. టైల్స్ మీద కూలబడి ఏడ్చింది. ఎందుకు ఏడుస్తుందో అర్థంకాక యాదవ్వ కూడా ఏడుపు మొదలుపెట్టింది.

సదానందం వచ్చి విషయం తెలుసుకొని తల గోక్కున్నాడు. “ఇప్పుడేమైంది? జర ముడుసుకొని కూసో. రోజూ ఉండేదే గద. ఎవలకు తెలుస్తది?”

“లేని రోగం చెప్పమంటవా?”

“ఉన్న రోగమే! ఇయ్యాల ఒక్క పూట లేదు, అంతే గద.”

ఆ మాటలో న్యాయం ఉన్నట్టే ఉంది. లేనట్టూ ఉంది. బయట వెంకటరాజం అప్పటికే చెప్పులు తొడుక్కొని నిలబడ్డాడు.

*

కమిటీ అంటే ఎనిమిదిమంది, నాలుగు బెంచీలు. గోడవారగా రాజక్క, భవాని, ఇంకో పదిమంది నేతవాళ్లు. నవనీత చేతులు కొంగులో చుట్టుకొని కూర్చుంది. లోపల వేళ్లు పిడికిలి బిగించింది. నిజంగా ముడుచుకున్నప్పుడు ఎట్లా ఉండేవో గుర్తు చేసుకొని అట్లాగే బిగించింది. రాజక్క ఆమెను చూసి, ఏం కాదులే అన్నట్టు తలాడించింది. ఆ తలాడింపు చూడలేక నవనీత నేల చూపులు చూసింది.

“చెప్పు కాకా,” అన్నాడు కృష్ణమోహన్.

వెంకటరాజం లేచాడు. “మొన్న నేను ఆడింది అబద్ధం. మా కోడలికి బీమారి ఉన్నది. మూడేండ్ల సంది ఉన్నది. పొద్దుగాల చేతులు లెవ్వయి. పదకొండింటికి లేస్తయి. లేసినంక మీలో ఎవలికన్న మంచిగ నేస్తది.” ఒక్క క్షణం ఆగాడు. “ఇదే తావుల నిలవడి ఒకప్పుడు కట్టయ్య సంగతి గూడ నిజమే జెప్పిన. మీరేం జేసిండ్రో మీకెరికే. ఆ పాపం మళ్ల జేయకుండ్రి. మీ కాళ్లు...”

మాట పూర్తి కాలేదు. పొద్దున చాయ్ కూడా తాగకుండా వచ్చిన మనిషి. కళ్లు తిరిగాయో, దుఃఖమే కమ్మిందో, నిలుచున్నవాడు నిలుచున్నట్టే ముందుకు తూలాడు.

“మామా!”

నవనీత ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. కొంగు జారిపోయింది. రెండు చేతులూ చాపి ఆయన్ను చంకల కింద ఒడిసిపట్టుకుంది. పదివేళ్లూ ఆయన అంగీని గట్టిగా బిగించి పట్టుకున్నాయి. మెల్లగా బెంచీ మీద కూర్చోబెట్టింది. ఎవరో అందించిన నీళ్ల సీసా మూత తిప్పి, ఆయన నోటికి పట్టింది.

ఆయన రెండు గుక్కలు తాగి కళ్లు తెరిచాడు. అప్పుడు చూసుకుంది, గదిలో అందరూ తన చేతుల వైపే చూస్తున్నారు.

“మంచిగనే ఉన్నయి గద చెల్లే,” అన్నాడు కృష్ణమోహన్. ఆయన గొంతులో కోపం లేదు. మోసపోయినవాడి గొంతు అది.

“ఇయ్యాల ఒక్కనాడే సారూ. మా అత్త రాత్రి తెల్వక గోలీలు ఏసింది. అయి ఏస్తే తెరుసుకుంటయి, గని అయి మింగద్దన్నడు డాక్టరు...”

బెంచీ మీద ఒక సభ్యుడు నవ్వాడు. “మింగితే తెరుసుకుంటున్నయి గదనమ్మా! మరి రోజూ మింగి ఎనిమిదిన్నరకు రా. దీనికి కమిటీ ఎందుకు?”

ఇద్దరు ముగ్గురు ఆయనతో కలిసి నవ్వారు. నవనీతకు చెప్పాల్సినవి ఎన్నో ఉన్నాయి. ఎముకల సంగతి, ఒకరోజు ఉన్నట్టు ఇంకోరోజు ఉండదన్న సంగతి, డాక్టరు చెప్పినవన్నీ. నోట్లోంచి ఒక్కటీ రాలేదు. ఎందుకంటే కొంగులో పిడికిలి బిగించుకొని వచ్చింది తనే.

“రోగమే, సారూ. ఒట్టు. నేను అబద్ధమాడుత లేను,” అన్నాడు వెంకటరాజం బెంచీ మీది నుంచే. “ఏ మాట నమ్మాలె కాకా, మొన్నటిదా, ఇయ్యాల్టిదా?” అని ఎవరో అడిగారు.

గోడవార నుంచి రాజక్క లేచింది.

నవనీత ఆశగా అటు చూసింది. ఈ చేతులను రోజూ చూసిన మనిషి ఒకరున్నారు. పన్నెండేళ్ల జోడి. ఆమె ఒక్క మాట చెబితే చాలు.

రాజక్క దగ్గరికి వచ్చింది. నవనీత చేయి పట్టుకొని, నిన్నటిలాగే వేళ్లు ఒక్కొక్కటీ చాపి చూసింది. చాపాల్సిన అవసరమే లేదు.

“కొంగుల ముడుసుకొని కూసున్నవ్ గదనే,” అంది మెల్లగా. “నేను సూసిన. పిడికిలి బట్టుకొని కూసున్నవ్.”

“రాజక్కా, అది...”

“మూడేండ్లు పొద్దుపొద్దున నీకోసం ఒక్కదాన్నే కూసున్న. అన్నిటికీ ఓర్సుకున్న. ఎన్ని పొద్దులు ఇట్లనే ముడుసుకున్నవే?”

నవనీత తల అడ్డంగా ఊపింది. కళ్ల నుంచి నీళ్లు కారిపోతున్నాయి.

రాజక్క ఆమె చేయి వదిలేసి కృష్ణమోహన్ వైపు తిరిగింది. “సారూ, రేపటి సంది నాకు భవానిని జోడి ఇయ్యుండ్రి.” చెప్పి, చెంగుతో కళ్లు తుడుచుకుంటూ గడప దాటి వెళ్లిపోయింది. భవాని ఒక్క క్షణం తటపటాయించి ఆమె వెనకే పోయింది.

కృష్ణమోహన్ రిజిస్టర్ తెరిచి పేర్లు మార్చి రాసుకున్నాడు. తర్వాత కలం మూయకుండానే తలెత్తాడు.

“రేపు ఎనిమిదిన్నరకు నువ్వు ఎవలితోని కూసుంటవ్ చెల్లే?”

నవనీత మామ భుజం మీద చేయి వేసి అట్లాగే నిలబడింది. జోడిగా కూర్చోమని అడగడానికి గదిలో ఒక్క మనిషి కూడా కనిపించలేదు.